తెలుగు ఎక్కడుందో ఇంగ్లీషులో చెప్పాను

బాబాయ్,

ఇవాళ నీ సంవత్సరీకం. కోల్డ్ స్టోరేజీల్లో ఖాళీ ఉందో లేదో చెప్పే మా యాప్‌కి తెలుగు వచ్చింది కూడా ఇవాళే. "నువ్వు రాసింది మళ్లీ నువ్వే చదివి పెట్టాల్సొస్తే ఇంకెందుకురా ఇది?" అని నువ్వు కసిరిన యాప్ ఇదే.

నిరుడు అందులో ఖాళీ లేదని ఇంగ్లీషులో వస్తే, చోటు దొరికిందనుకుని మిర్చి బస్తాలు లారీకెత్తించావు. రెండు రోజులు స్టోరేజీ గేటు ముందు ఎండలో కూర్చున్నావు.

తెలుగు పెట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇంగ్లీషు మాటలన్నీ కోడ్ మధ్యలో ఇరికించింది నేనే కాబట్టి, ఒక్కొక్కటీ వెతికి బయటికి లాగాను. ఆండ్రాయిడ్‌లో సరిపోయిన తెలుగు మాట ఐఫోన్‌లో బటన్ దాటిపోయేది. చిరాకెత్తిపోయింది. అయినా పూర్తి చేశాను.

పొద్దున కారంపూడి వచ్చి, పిన్ని చేతిలో నీ ఫోన్ పెట్టాను. యాప్ తెరిచి చూసి, ఫోన్ నా వైపు తిప్పింది.

"ఏందిరా, తెలుగన్నావు? అంతా ఇంగ్లీషేగా!"

తెలుగు కావాలంటే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి భాష మార్చుకోవాలి. ఆ సెట్టింగ్స్ ఇంగ్లీషులో ఉన్నాయి. పరీక్షించిన నలుగురమూ ఇంగ్లీషు వచ్చినవాళ్లమే, ఒక్కడికీ తట్టలేదు. నన్ను నేను తిట్టుకుంటూ నేనే మార్చి ఇచ్చాను.

పిన్ని కూడబలుక్కుని చదివింది. "ఖాళీ లేదు. సరుకు తీసుకురావద్దు."

ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఈ ముక్కేనా అబ్బాయ్, ఆ రోజు మీ బాబాయికొచ్చింది?"