పదకొండు గడుల పట్టిక

చెల్లీ,

నేనింకా తేల్చకపోతే వచ్చే నెల ఒక్కదానివే సముద్రంలో డైవింగ్‌కి వెళ్తానన్నావు. నీ కోపం న్యాయమే. ఏ సంస్థ స్కూబా సర్టిఫికెట్ మంచిదో తేల్చడానికి నాలుగు నెలలుగా పదకొండు గడుల పట్టిక నింపుతున్నాను. అది చూసి మీ బావ, "దీనికి డాక్టరేట్ ఎప్పుడిస్తారట?" అన్నాడు.

నిన్న ఈతకొలను దగ్గర డైవింగ్ నేర్పే ఆవిడని అడిగాను.

"పేరున్న ఏ సంస్థ కార్డైనా చెల్లుతుందండీ, నేర్పేవాళ్లని చూసుకోండి. ఇంతకీ మీరెప్పుడైనా నీళ్లలో తల ముంచారా?" అంది.

లేదని చెప్పడానికి నా చదువంతా అడ్డొచ్చింది. నాకు నీళ్లంటే భయం, చెల్లీ. పట్టిక వేసిందే అందుకు.

ఆవిడ చెయ్యి పట్టుకుంటే, మూడో ప్రయత్నానికి పది లెక్కపెట్టేదాకా మునిగి ఉన్నాను. అక్కడే పేరు రాయించేశాను. నాకూ టికెట్ తియ్యి.

ఆవిడది ఏ సంస్థో అడగడం మాత్రం మరిచిపోయాను.

అక్క