బాదం ముద్దలో మొహం

రుడ్‌కోబింగ్,
అక్టోబరు నెల, గాలివాన వెలిసిన ఆదివారం.

చిరంజీవి దోర్తెకు,

మీ నాన్న దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, మీ అమ్మ పొయ్యి, కిటికీలో చలికి ముడుచుకుపోయిన పూలమొక్క. అక్కడ మీరు ముగ్గురూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. గాలికి మీ పెరటి కంచె పడిపోయిందని రాశావు. దాన్ని వేసింది మీ ఆయనే కాబట్టి నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. నా మనవరాలు రన్వాకు ముందుపన్ను కదులుతోందని చదివి మాత్రం చాలాసేపు నవ్వుకున్నాను. వేసవిలో వచ్చినప్పుడే అది దాన్ని నాలుకతో తోస్తూ కూర్చునేది. రేవులో రొయ్యలు ఒలుచుకుంటున్నంతసేపూ అదే పని.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు నా మాటకు అడ్డం వస్తావు. ఉత్తరంలో ఆ అవకాశం లేదు.

నువ్వు మూడు సంగతులు అడిగావు. మా ఇంట్లోంచి అరుపులు వినిపిస్తున్నాయని పక్కింటి గెర్డా నీకెందుకు రాసింది, నాకు మతి బాగానే ఉందా అని ఒకటి. కేకులు కొనేవాళ్ళందరితో ఎందుకు తగువు పెట్టుకుంటున్నానని రెండోది. ఇక మూడోది కోపంగా అడిగావు. ఊళ్ళో పిల్లలందరికీ పుట్టినరోజుకు పిల్ల ఆకారంలో బొమ్మ కేకు చేసి ఇచ్చే మనిషి సొంత మనవరాలికి చేయనంటే ఏమనుకోవాలి అన్నావు. బొమ్మ లేకపోతే నువ్వూ రావద్దు అని రాసి, కింద గీత కూడా గీశావు. గీత బాగా లోతుగా దిగింది. వెనకవైపు తడిమినా తెలుస్తోంది.

మొదటి రెండింటికీ జవాబు రాసి మూడోదాన్ని దాటేద్దామనే కలం పట్టుకున్నాను. ఎంతవరకు సాగుతుందో చూద్దాం.

ముందు తగువుల సంగతి. మీ అమ్మ రగ్నిల్డ్ ఉన్నప్పుడు ఈ జనాన్ని కాఫీతో లొంగదీసేది. కేకు అడగడానికి వచ్చినవాడు కేకు సంగతి మరిచిపోయి, తన మోకాలి నొప్పి చెప్పుకుని, సంతోషంగా వెళ్ళేవాడు. నాకా విద్య రాదు. గ్రంథాలయంలో పనిచేసినంతకాలం, పుస్తకం చింపి తెచ్చినవాడికి జరిమానా వేసి పంపేశాను. ఆ హోదా వంటింట్లో చెల్లదని ఆలస్యంగా తెలిసింది. అయినా పిండి పులిశాక వేళ్ళతో గుంటలు పొడిచి, ఆ గుంటల్లోకి వెన్న, బెల్లంలా ముదురు రంగున్న చక్కెర కలిపి దిగేలా పోయడం మీ అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. దాన్ని గురించి ఇంతవరకు ఎవరూ నోరెత్తలేదు. నోరెత్తేదంతా దానిమీద బాదం ముద్దతో పెట్టే మొహం గురించే.

చర్చి పాస్టరు భార్య ఆగ్నెతను నువ్వు ఎరుగుదువు. చక్కెర తగలకూడదు, కానీ తియ్యగా ఉండాలి అని మనవడికి బొమ్మ చేయమంది. చేశాను. మర్నాడు సగం తిన్న కేకు పట్టుకుని వచ్చింది. "రుచి బాగానే ఉంది తొర్కిల్, కానీ పిల్లాడు దాని మొహం చూసి బల్ల కిందికి దూరాడు" అంది. వాళ్ళ తాత ప్రసంగం మొదలుపెట్టాడనుకుని దూరి ఉంటాడన్నాను. అప్పట్నుంచి ఆమె నన్ను పలకరించడం లేదు. ఆ లాభాన్ని వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

ఇనప సామాన్ల కొట్టు ఫ్లెమ్మింగ్ అయితే పళ్ళెం తెచ్చి నా బల్లమీద ఠక్కున పెట్టాడు. మా అమ్మాయి బొమ్మ అడిగితే ఎవరి అమ్మాయినో చేశావన్నాడు. గుర్తుపట్టేంతగా నీ కూతుర్ని ఎప్పుడు చూశావు, ఎప్పుడూ ఆ మేకుల మధ్యే ఉంటావుగా అన్నాను. ఇకమీదట సూపర్‌మార్కెట్‌లోనే కొనుక్కుంటానన్నాడు. కొనుక్కో, వాటికి మొహాలే ఉండవు, మీ వంశానికి సరిపోతాయన్నాను. తలుపు కొట్టిన దెబ్బకు మీ అమ్మ వేలాడదీసిన నీలం పళ్ళెం ఊగింది.

ఇంతవరకు నీకు కులాసా కబుర్లుగానే ఉంటాయి. మూడో మనిషితో నాకు కుదరలేదు.

చిన్నపిల్లల బడిలో పనిచేసే సోల్వై ఒక కుర్రాడి కోసం టోపీ పెట్టుకున్న బొమ్మ అడిగింది. నేను పెట్టె తెరిచి చూపించాను. నెమ్మదైన మనిషి, ఫిర్యాదు చేయడం కూడా ఆమెకు సిగ్గే. చాలాసేపు చూసి, "టోపీ బాగుంది. కానీ తొర్కిల్ గారూ, ఇది మగపిల్లాడు కాదు. ఈ పాప మా బడిలో ఉండేది" అంది.

నేను పెట్టె మూసేశాను. ఆమె డబ్బులిచ్చి, పెట్టె తీసుకోకుండా వెళ్ళిపోయింది.

కాబట్టి తల్లీ, అసలు సంగతి రాసేస్తాను. ఆగ్నెత చెప్పింది నిజం. ఫ్లెమ్మింగ్ చెప్పిందీ నిజమే, వాడి నోట నిజం రావడం నాకు కష్టంగా ఉన్నా. ఏ పిల్ల కోసం మొదలుపెట్టినా నా వేళ్ళు ఒకే మొహం చేస్తున్నాయి. బాదం ముద్ద అరచేతిలో ఉన్నప్పుడు అది ఎవరైనా కావచ్చు. కళ్ళకు గుంటలు నొక్కేసరికి ఆ పిల్ల వచ్చేస్తుంది. తుడిచేసి మళ్ళీ చేస్తాను. మళ్ళీ తనే.

ఆ పిల్ల పేరు తూవె. బెనెడిక్టె కూతురు. నువ్వు కాపురానికి తోర్స్‌హావ్న్ వెళ్ళిపోయిన ఏడాది పడవల గట్టుమీంచి నీళ్ళలో పడి చనిపోయింది. బెనెడిక్టె ఇల్లు ఆ గట్టుకు ఎదురుగానే. ఆ వేళ ఆమె వంటింట్లో చేపలు శుభ్రం చేస్తోంది. తర్వాత వాళ్ళాయన ఈ దీవి విడిచి వెళ్ళిపోయాడు, ఈమె వెళ్ళలేదు.

పిల్ల పోయాక కూడా బెనెడిక్టె ప్రతి ఏడూ దాని పుట్టినరోజుకు మీ అమ్మ దగ్గర బొమ్మ చేయించుకునేది. మీ అమ్మ నాకు ఒక్క మాట చెప్పలేదు. మీ అమ్మ పోయాక ఆమె నా దగ్గరికి వచ్చింది. దోర్తె, కష్టమైన మనుషుల గురించి అడిగావుగా, ఈమె ముందు మిగతావాళ్ళంతా దేవదూతలు. కోటు విప్పకుండా పొయ్యి పక్క పీటమీద కూర్చుంటుంది. ఎడమ కన్ను కొంచెం కిందికి అంటుంది. నోరు అలా మూయకండి, దానికి నోరు మూతపడేది కాదు అంటుంది. ఫోటో ఉంటే ఇమ్మన్నాను. "ఫోటోలో నవ్వమంటే నవ్వింది. అది దాని మొహం కాదు" అంది. అచ్చం అలాగే రాకపోతే ముద్దను నలిపించేసి మొదటి నుంచి చేయించేది. పాస్టరు భార్యను గుమ్మంలోంచి పంపేసినవాణ్ణి, ఈమె చెప్పినట్టల్లా చేశాను. ఎందుకంటే ఆమె తప్పు దిద్దిన ప్రతిసారీ మొహం ఇంకాస్త దగ్గరికి వచ్చేది. దేనికి దగ్గరికో నాకు తెలియదు. వస్తోందని మాత్రం తెలిసేది.

ఈ ఏడు వసంతకాలంలో ఆ మొహం వచ్చేసింది. ఆమె మాట్లాడటం మానేసింది. చేతి తొడుగు తీసి, ముట్టుకోబోయి, ముట్టుకోకుండా చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత కత్తి అడిగింది.

మన పద్ధతి నీకు చెప్పనక్కరలేదు. పుట్టినరోజు పిల్ల బొమ్మ మెడమీద కత్తి పెడుతుంది, మెడ తెగేదాకా చుట్టూ ఉన్న పిల్లలంతా గొంతు చించుకుని అరుస్తారు. నీ పుట్టినరోజున నువ్వు కావాలని మెల్లగా కోసి, మా అందరి గొంతులూ పోగొట్టావు. అందులో చెడు ఏముంటుందో నాకెప్పుడూ తోచలేదు.

బెనెడిక్టె కత్తి మెడమీద ఆనించి, అరవండి అంది. ఇక్కడ మనిద్దరమే ఉన్నాం కదా అన్నాను.

"అందుకే. ఆ రోజు కిటికీ తెరిచే ఉంది తొర్కిల్ గారూ. నాకేమీ వినపడలేదు. అది అరిచిందో, అరవకుండానే పోయిందో తెలియదు. మీరు అరవండి. నేను వింటాను."

అరిచాను. గెర్డా విన్నది అదే. పాతకాలపు గ్రీకు నాటకాల్లో చావు కంటికి కనపడదు, తెర వెనకనుంచి అరుపు మాత్రం వినిపిస్తుంది. అది నాటకం రాసేవాళ్ళ మర్యాద అనుకుంటూ చదివాను ఇన్నాళ్ళూ. మర్యాద కాదు. చూడటం కన్నా వినడమే ఘోరమని వాళ్ళకు తెలుసు.

నేను ఆగాక ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇలా కాదు. చిన్నపిల్ల ఇలా అరవదు" అంది. మళ్ళీ అరవమంది.

అప్పట్నుంచి పుట్టినరోజుతో పని లేకుండా వస్తోంది. వచ్చినప్పుడల్లా మొహం, కత్తి, అరుపు. అరుపు ఇంకా కుదరలేదు. ఎక్కడ తేడా ఉందో ఆమె ఓపిగ్గా చెబుతుంది. నేను దిద్దుకుంటాను. రావద్దని చెప్పడానికి నోరు రాలేదు. తీరా వచ్చి కూర్చున్నాక, నోరు ఇంకో పనికి కావాల్సి వస్తుంది.

ఇప్పుడు అర్థమైందా, రన్వాకు ఎందుకు చేయనన్నానో? నేను చేస్తే ఆ బొమ్మకు తూవె మొహం ఉంటుంది. మన రన్వా నవ్వుతూ ఆ మెడమీద కత్తి పెడుతుంది. చుట్టూ నిలబడి మీరంతా అరుస్తారు. అందులో ఎవరో ఒక పిల్ల అరుపు తూవె అరుపుకు అచ్చంగా సరిపోతుందేమోనని నా భయం. ఇలాంటివి నీకు చెబితే నువ్వు డాక్టరుకు చెబుతావు. నువ్వు రావద్దన్నా సరే, చెప్పకుండా ఉండిపోదామనుకున్నాను.

కానీ కింద గీత గీశావు కదా. అది నన్ను నిద్రపోనివ్వలేదు. గురువారం పొద్దున్నే పిండి కలిపాను. రేవులో రొయ్యలు ఒలిచే రన్వాను తలుచుకుంటూ బాదం ముద్ద నొక్కాను. పూర్తయ్యాక చూస్తే, నా కంటికి అది తూవెలాగే ఉంది. కానీ నా కంటిని నేను నమ్మడం మానేశాను. ఇది తూవె అవునో కాదో ఖాయంగా చెప్పగల మనిషి ఈ దీవిలో ఒకతే ఉంది. బొమ్మమీద గుడ్డ కప్పి బెనెడిక్టె ఇంటికి పట్టుకెళ్ళాను.

గుడ్డ తీశాను. ఆమె వంగి చూసింది. పక్కకు జరిగి అటునుంచీ చూసింది.

"ఇది మా తూవె కాదు" అంది.

మళ్ళీ చూడమన్నాను. ఎడమ కన్ను చూడమన్నాను.

"కన్ను కాదు, నోరు కాదు, ఏదీ కాదు. ఎవరీ పిల్ల? పన్ను నాలుకతో తోస్తోంది."

దోర్తె, ఈ పని మొదలుపెట్టాక నేను విన్న ఫిర్యాదులన్నిటిలో నన్ను సంతోషపెట్టింది ఇదొక్కటే. మా మనవరాలు అని చెబుతుంటే నా గొంతు మీ అమ్మ గొంతులా మెత్తబడింది. కాఫీ ఇస్తే తాగాను. మోకాలి నొప్పి కూడా చెప్పుకున్నానేమో.

ఆమె కప్పులు తీసేసి, "సరే. ఇప్పుడు మాదాన్ని చేయండి" అంది.

మిగిలిన ముద్ద నా జేబులోనే ఉంది. కూర్చున్నాను. ఎడమ కన్ను కిందికి, నోరు కొంచెం తెరిచి, నుదురు వెడల్పుగా. చెప్పినవన్నీ చెప్పిన చోట పెట్టాను. కళ్ళున్నాయి, నోరుంది, పిల్ల లేదు. నలిపి మళ్ళీ చేశాను. బాదం నూనె కారి ముద్ద మెత్తబడిపోయింది, ఇంకా నలిపాను. ప్రతిదానికీ నన్ను దిద్దిన మనిషి ఒక్క మాటా అనలేదు. చివరికి నేనే, ఎక్కడ తప్పుందో చెప్పమ్మా అని బతిమాలాను.

"నాకు తెలిస్తే కదా" అంది. "దాని మొహం నాకు గుర్తు లేదు తొర్కిల్ గారూ. ఎప్పుడో పోయింది. మీరు చేస్తూ ఉంటే, ఇది కాదు, ఇది కాదు అని మాత్రం తెలిసేది. వసంతంలో మీ చేతుల్లోకి వచ్చాక, ఇక ఎక్కడికీ పోదులే అనుకున్నాను."

నేను దోచుకొచ్చినట్టు నా బొమ్మమీద గుడ్డ కప్పుకున్నాను. ఇద్దరం బల్లకు చెరోవైపు ఉన్నాం. ఒక పిల్ల కోసం ఇంకో పిల్లను నా వేళ్ళలోంచి తోసేశాను. ఎక్కడికి తోశానో ఆమె అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

గుమ్మం దాకా వచ్చి, మీ మనవరాలు ఎప్పుడు కోస్తుందని అడిగింది. చెప్పాను. పిల్లలు చాలామంది వస్తారా అంది. బడి పిల్లలంతా వస్తారన్నాను. నేనూ వస్తాను, నన్ను తీసుకెళ్ళండి అంది. నా జీవితంలో చాలామందికి మొహంమీదే కాదని చెప్పాను. చెప్పాల్సిన చోట సరేనన్నాను.

కాబట్టి ఓడలో రెండు టిక్కెట్లు తీసుకున్నాను. కొత్త బొమ్మ అక్కడే మీ వంటింట్లో చేస్తాను, పెద్ద పళ్ళెం సిద్ధంగా ఉంచు. మీ ఆయన్ను కంచె జోలికి పోవద్దను, వచ్చాక నేను చూస్తాను. బెనెడిక్టె నీకు ఏ ఇబ్బందీ పెట్టదు, ఒక మూల కోటు విప్పకుండా కూర్చుంటుంది. పిల్లలు అరిచేటప్పుడు ఆమె కళ్ళు మూసుకుని వింటుంది. ఆ తర్వాత కళ్ళు తెరిచి రన్వా మొహంకేసి, తన పిల్ల కోసం వెతుకుతున్నట్టు చూస్తూ ఉండిపోతే, అడ్డు వెళ్ళకు. చూడనియ్యి.

కానీ అమ్మా, ఆ చూపు తిప్పుకునేదాకా నువ్వు మాత్రం ఆ గదిలోంచి కదలకు.

ఇట్లు,
నీ మాటకు తలవంచి బయలుదేరుతున్న
మీ నాన్న,
తొర్కిల్