రాహుకేతువులను తుడిచేసిన రోజు

లక్ష్మీ,

నిన్న నీ సంవత్సరీకం పెట్టాం. ఈసారీ ప్లేగు భయంతో బడి మూసేశారు కాబట్టి, పిల్లలకు ఇంట్లోనే పాఠాలు చెబుతున్నాను. ఈ ఉదయం గ్రహాల పాఠం.

సూర్యుని చుట్టూ తిరిగేదాన్నే ఖగోళ శాస్త్రజ్ఞులు గ్రహమంటారని చెప్పి, పలక మీద నవగ్రహాల పేర్లు రాయించాను. సూర్యుడు నక్షత్రమని తుడిచేశాం. చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడు, అతన్నీ తుడిచేశాం. మనం నిలబడిన భూమే ఒక గ్రహమంటే చిన్నోడు పకపకా నవ్వాడు. రాహుకేతువులు అసలు గోళాలే కావు, ఆ చోట ఏమీ లేదని చెప్పి, ఆ పేర్లూ తుడిపించాను.

మన పెద్దమ్మాయి నరసమ్మ మాత్రం బలపం కింద పెట్టేసింది.

"నీకు జ్వరమొచ్చినప్పుడు అమ్మ నన్ను పావగడ గుడికి పిల్చుకొని పోయినాది నాయనా. ఆయన్ను ఇడిసిపెట్టి నన్ను తీసుకో అని రాహువుకు మొక్కినాది. ఆడ ఏమీ లేకుంటే అమ్మ మాట ఎవురు విన్న్యారు?"

నువ్వలా మొక్కావని నాకు ఇంతవరకూ తెలియదు, లక్ష్మీ. నా జ్వరమే నీకు అంటుకుందని మాత్రం తెలుసు.

"తెలీదమ్మా" అన్నాను.

చిన్నోడు మిగిలిన పేర్లు చదువుతున్నాడు. నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.