మొక్కుబడి గెడ్డం

ఆమదాలవలస, మంగళవారం

అత్తమ్మకు రేఖ నమస్కారాలు. మీ అబ్బాయి మొండితనం తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. ఉన్నది ఒకటే గది, ఫోనులో చెబితే ఆయన వింటారు. అందుకే కార్డు రాస్తున్నాను. పోస్టుమేన్ చదివితే చదవనీండి.

మిల్లు మూతపడి పద్నాలుగు నెలలైంది. పని దొరికేదాకా గెడ్డం తీయనని, దొరికాక శ్రీముఖలింగంలో తీయిస్తానని ఆయన మొక్కుకున్నారు కదా. నిన్న ఒక బియ్యం గోదాములో వాచ్‌మన్ పని కుదిరింది. "గెడ్డం తీసీసి వచ్చే సోమవారం డూటీకి వచ్చీ" అన్నాడట మేనేజరు. "పనిలో సేరినాకే తీస్తాను బాబూ, మొక్కున్నాది" అని ఈయన లేచి వచ్చేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "దేవుడు పని పంపిత్తే నువ్వు గెడ్డం అడ్డెడతావేటి?" అన్నాను. "ఆ సామే ఇంకోటి సూస్తాడులే" అని అటు తిరిగి పడుకున్నారు. రోజుకో పని వెతికి పెట్టడానికి ఆ స్వామికి మనం తప్ప ఇంకెవరూ లేరా?

మీ మాటైతే వింటారు. కార్డు అందగానే ఫోను చేసి, గెడ్డం తీసేయమని గట్టిగా చెప్పండి. అన్నట్టు, ఆవు ఈనిందా? మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అంబలి కాయడానికి చోడిపిండి అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తే పంపండి.

స్వామికి లోటు చేస్తున్నామని భయపడకండి. ఆ గెడ్డానికి బదులు నా తలనీలాలు ఇస్తానని ఈ ఉదయమే మొక్కేశాను. పెళ్లిచూపుల్లో మీరు చేత్తో కొలిచి మురిసిపోయిన జడే. ఈసారి నన్ను చూసి ఏడవకండి.

మీ కోడలు
రేఖ