టీ తాగని పెండ్లికొడుకు

బెళుగుప్ప

చిరంజీవి సరళకు అవ్వ మారెక్క ప్రభువు నామంలో రాసేది.

నీ దగ్గు తగ్గిందా? మీ అమ్మ బీపీ ఎట్లుండాది? మీ నాయన నడుం? మరి ఆ గిరి కడుపు? చేసుకునేది ఇతన్నే అని మొన్న తోడుకొని వస్తివి. టీ ఇస్తే వద్దన్నాడు. కాఫీ పెడితే అదీ వద్దన్నాడు. కడుపులో పుండా, లేక మనింటి గ్లాసుకు నోరు పెట్టడా? దాయకుండా రాయి. ఫోన్ చేయొద్దు. పక్కింటి నాగలక్ష్మమ్మ స్పీకర్ పెడుతుంది, వీధంతా వింటాది.

నీ అవ్వ

తా.క. ఆ రెండు గ్లాసులూ నేనే తాగినా. ఇప్పుడు నా కడుపు మండుతాంది.

బెంగళూరు

అవ్వకు వందనాలు.

అందరం బాగున్నాం. గిరి కడుపు గట్టిదే. వాళ్లది మోర్మన్ల చర్చి. టీ, కాఫీ, సారా ముట్టరు. వాళ్లూ యేసు ప్రభువునే కొలుస్తారు. గ్లాసు గురించి బాధపడొద్దు, నీ ఉగ్గాని రెండుసార్లు పెట్టించుకున్నాడు కదా. నన్ను చర్చి మారమని అడగలేదు. నువ్వు సరేనంటేనే పెండ్లి.

నీ సరళ

తా.క. పాస్టరయ్యకు అప్పుడే చెప్పొద్దు.

బెళుగుప్ప

సరళకు అవ్వ దిగులుతో రాసేది.

పాస్టరయ్యకు చెప్పినా. ఆయప్ప కుర్చీ లాక్కొని కూచున్నాడు. బైబిలు కాక వాళ్లకు ఇంకో పుస్తకం ఉండాదంట. “దేవుని మాటకు అతుకు వేసే పని లేదు మారెక్కా” అన్నాడు. దేవునికి మన మాదిరి ఒళ్లుండాదంటారంట. అన్నిటికన్నా ఘోరం, చచ్చిపోయినోళ్లకు గూడా బాప్తిస్మం ఇస్తారంట. మీ తాతను పైకి తీసి ముంచుతారా? సమాధి కాడ బయ్యన్నను కాపలా పెట్టినా. ఈ పెండ్లి వద్దు తల్లీ.

నీ అవ్వ

తా.క. బయ్యన్న కూలి అడగలేదు, టీ పోస్తే చాలన్నాడు. మనోడంటే వాడు.

బెంగళూరు

అవ్వకు వందనాలు.

ఎవరూ సమాధులు తవ్వరు. బతికున్న మనిషి ఒకడు పోయినాయన పేరు మీద నీళ్లలో మునుగుతాడు, అంతే. అదీ పోయినాయన పైన ఒప్పుకుంటేనే చెల్లుతుందట. పెండ్లాం బతికుంటే ఆమె సరేననాలట. నువ్వు వద్దంటే తాత జోలికి ఎవరూ రారు. పెండ్లి సంగతి ఇంకోసారి ఆలోచించు.

నీ సరళ

తా.క. బయ్యన్నను ఇంటికి పంపు.

బెళుగుప్ప

చిరంజీవి సరళకు అవ్వ రాసేది.

నీ ఉత్తరం కూడబలుక్కొని మళ్లీ మళ్లీ చదివినా. మీ తాత గంగప్ప బాప్తిస్మానికి పేరిచ్చిన ఏడాదే కుంట ఎండింది. మరుసటేడు పాస్టరయ్య నీళ్ల ట్యాంకరు తెప్పిస్తే, మీ తాత పంచె బిగించేలోపల ఊరంతా బిందెలతో వచ్చి పట్టుకుపోయిరి. కుంట మళ్లీ నిండిన ఏడాదికి ఆయన లేడు. అప్పటినుంచి నాకు అదే దిగులు.

బాప్తిస్మం లేకుండా పోయినోళ్ల గతేందని, ఎవరి సంగతో అన్నట్లు పాస్టరయ్యను అడిగినా. “ప్రభువు పక్కన సిలువ మీద ఉన్న దొంగకు ఎవరు బాప్తిస్మం ఇచ్చిరి? నమ్మినాడు, చాలు. ఒకరి బదులు ఇంకొకరు మునిగేది లేఖనం కాదు. గంగప్పకు ఏం కాదు, ఇంటికి పో” అన్నాడు. నేను పేరే చెప్పలేదు.

ఆయప్ప మాట నమ్మినా. కానీ వాన వస్తుందని నమ్మినోడు గూడా బోరు వేయించుకుంటాడు కదా. నేను సరే అన్నానని గిరికి చెప్పు. పెండ్లికీ, మీ తాతకూ.

నీ అవ్వ

తా.క. మీ తాత పైన ఒప్పుకుంటాడో లేదో చెప్పలేను, ఈడ ఉన్నన్నాళ్లూ నా మాట ఒక్కటీ ఒప్పుకోలేదు. నీళ్లు మాత్రం వేడిగా పెట్టమను, ఆయనకు చన్నీళ్లు పడవు. ఇద్దరూ ఒకసారి రండి, గిరికి మజ్జిగ చిలికి పెడతా. పాస్టరయ్య కూడికకని కదిరికి పోయే దినం చూసుకొని రావల్ల. వచ్చే నెల పద్నాలుగు, శనివారం.