ఎదుటి కుర్చీ

లక్ష్మీ,

నువ్వు పోయాక ఏడాదిపాటు ఎవరు పిలిచినా వెళ్లలేదు. ఈ వారం మాత్రం ఇంట్లో కాలు నిలవలేదు. సోమవారం అమ్రోలిలో పెద్దబిడ్డ ఇంటికి వెళ్లాను. బుధవారం బమ్రోలిలో సత్తయ్య దగ్గరికి. ముప్ఫై ఏళ్ల మరమగ్గాల మోతకు నా చెవులతో పాటు వాడివీ పోయాయి కదా. కార్ఖానాలో లాగే ఉత్త పెదవులతో గంటసేపు మాట్లాడుకున్నాం. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేసరికి వాడి కోడలు పరుగెత్తుకొచ్చింది. "ఏంది మామా, కొట్లాడుకున్నరా?"

ఇవాళ ఆల్థాన్‌లో మేనల్లుడి కొడుకు నిశ్చితార్థం. ఇలాంటి చోట నువ్వు ఎదురుగా కూర్చుని, అందరి మాటలూ పెదవులతో నాకు అందించేదానివి. నా చెవుడు ఎవరికీ తెలియనివ్వలేదు. భోజనాల దగ్గర పెళ్లికూతురి తండ్రి ఏదో అడిగాడు. ఊరికే తలూపబోయి ఆగాను.

"నాకు ఇనబడదు. జర నా మొఖం జూసి చెప్పుండ్రి" అన్నాను.

అందరూ తిరిగి చూశారు. ఆయన కుర్చీ లాక్కుని నా ఎదుట కూర్చున్నాడు.

"ఇంకింత కూర ఎయ్యాల్నా అని అడుగుతున్న కాకా."

వేయించుకున్నాను. పెళ్లికీ వస్తానని చెప్పాను. నీ చోట ఎవరో ఒకరు కూర్చుంటారు లక్ష్మీ, ఏమనుకోకు.