చొక్కాల ఆట

అమ్మా,

అందరం బాగానే ఉన్నాం, కార్డు ఆలస్యమైందని బెంగపెట్టుకోకు. బట్టల ఫ్యాక్టరీలో నన్నిప్పుడు చెకింగుకి మార్చారు. రోజుకి ఆరొందల చొక్కాలు తిప్పి చూస్తాను. దారప్పోగు వేలాడినా నా కంట పడకుండా పోదని సూపర్‌వైజరే అంటాడు.

నిన్న సెలవు. పిల్లలు చొక్కాల ఆట ఆడదామన్నారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిలబడితే నేను కాలరూ గుండీలూ చూసి, వీపు మీద చరిచి "పాస్" అనాలి. నవ్వలేక చచ్చాం. మూడోసారి చిన్నాడి చొక్కా చెయ్యి పైకి మడిచి చూద్దును కదా, మోచేతి వెనక ఇంత పొడుగు మచ్చ. పొక్కు కూడా ఎప్పుడో రాలిపోయింది.

"ఎప్పుడు తగిలిందిరా?" అంటే వాడికే గుర్తులేదు. పెద్దది నెమ్మదిగా చెప్పింది: "మెట్ల మీద పడ్డాడమ్మా, చాలా రోజులైంది. నేనే కడిగి గుడ్డ కట్టాను. నీకు చెప్తే పని మానేయాలిగా."

నేను వెళ్ళాక వాడికి నీళ్ళు పోసేదీ అదే. దానికింకా ఎనిమిది నిండలేదు. వాడేమో వీపు తిప్పి "పాస్ కొట్టమ్మా" అని నిలబడ్డాడు. కొట్టాను.

నాన్న దగ్గు తగ్గిందా? మందు మానేశాడేమో కనుక్కో. చెల్లి పిల్లకి పొట్టయిన స్వెట్టరుంటే చిన్నాడికి పంపు. నాన్నకి దణ్ణాలు, పిల్లకి ముద్దులు.

చోటు లేక అంచున రాస్తున్నా. నా మోకాలి మీద మచ్చ ఎలా పడిందో నాకు తెలీదు. నీకు తెలుసు కదూ? ఆ రోజేం జరిగిందో రాయి.